నాన్న పంచె రంగు కోసం 11 షీట్లు

నిన్న రాత్రి పదకొండున్నరకి ప్రింటర్‌లోంచి వచ్చిన కాగితంలో నాన్న పట్టుపంచె, పంచె రంగులోనే ఉంది. మా ఆవిడని నిద్రలేపి మరీ చూపించాను. తిట్టింది.

అమ్మానాన్నల షష్టిపూర్తి ఫోటో అది. తీసింది నేనే. తెర మీద అమ్మ చిలకపచ్చ చీర నిగనిగలాడుతోంది. గుంటూరులోనే ఒక ల్యాబులో పెద్ద సైజు ప్రింటు వేయిస్తే, చీర ఎండిన గోరింటాకులా, మనుషులేమో జ్వరం నుంచి లేచినట్టు వచ్చారు.

అడుగుదామని వెళ్లాను. కౌంటర్‌లో కుర్రాడు ఫోటో వంక చూసి, "ఫైల్ ప్రొఫైల్ ఏంటి సార్?" అన్నాడు.

"ఫేస్‌బుక్‌దా, వాట్సాప్‌దా?" అన్నాను.

అక్కడున్న నలుగురూ నవ్వారు. పాస్‌పోర్టు ఫోటోకి వచ్చిన పెద్దాయన కూడా. పాతికేళ్లుగా పిల్లలకి కాంతి పాఠం చెబుతున్నవాణ్ణి! ఆ ఉక్రోషంలో బండి అక్కడే మర్చిపోయి, అరండల్‌పేట నుంచి బ్రాడీపేటలో మా ఇంటి దాకా ఎండలో నడిచొచ్చేశాను. సాయంత్రం బండి కోసం మళ్లీ అదే షాపు ముందుకి వెళ్లాల్సి రావడం ఇంకో కథ.

సంగతేమిటంటే, 'పెద్దది కదా, మంచిది' అనుకుని కెమెరాలో ఎప్పుడో అడోబీ ఆర్‌జీబీ అనే రంగుల పరిధి పెట్టుకున్నది నేనే. ఫైల్లోని అంకెలు ఏ పరిధివో చెప్పేదే ఆ కుర్రాడు అడిగిన ప్రొఫైల్. ల్యాబు మెషీన్ ఏ ఫైలునైనా ఎస్‌ఆర్‌జీబీ, అంటే అంతకంటే చిన్నదైన మామూలు పరిధి, అనుకునే చదివింది. అంకెలు అవే అయినా అర్థం మారిపోయి రంగులు చప్పబడ్డాయి. ల్యాబుకిచ్చే ముందు ఎస్‌ఆర్‌జీబీలోకి మార్చుకుంటే చాలు. ఈ ఒక్క ముక్క నవ్వకుండా చెప్పడానికి ఆ కుర్రాడికి ఏం పోయింది?

రోషంతో ఇంట్లోకే ఇంక్‌జెట్ ప్రింటర్ కొన్నాను. ఎంతయిందో ఇక్కడ రాయను, మా ఆవిడ చదువుతుంది.

తెర సంగతి తేలిగ్గానే తేలింది. నైట్ లైట్ ఆన్‌లో ఉండి అంతా పసుపుగా కనబడుతోంది, బ్రైట్‌నెస్ నూటికి నూరు. విజయవాడలో పెళ్లిళ్ల ఫోటోలు తీసే స్నేహితుడి దగ్గర కాలిబ్రేటర్, అంటే తెర రంగులు కొలిచి సరిచేసే పరికరం, తెచ్చి తెరకి తగిలించాను. తెలుపు 6500 కెల్విన్, మధ్య ఛాయల్ని నిర్ణయించే గామా 2.2, వెలుతురు చదరపు మీటరుకి 120 క్యాండెలాలు. పావుగంట పని.

అయినా నాన్న పంచె గులాబీ రంగే. ఇంకు మార్చాను, హెడ్ శుభ్రం చేశాను, ఏడు షీట్లు తగలేశాను. చివరికి దొరికింది. ఫోటోషాప్‌లో రంగుల బాధ్యత ఫోటోషాప్‌కే ఇచ్చాను, ప్రింటర్ డ్రైవర్‌లో కలర్ కరెక్షన్ ఆపడం మాత్రం మర్చిపోయాను. ఒకే ఫోటోని ఇద్దరూ సరిదిద్దారు. మా ఇంట్లో పప్పులో అమ్మ ఒకసారి, మా ఆవిడ ఒకసారి ఉప్పేసిన రోజులాంటిదే ఇది. ఎవరో ఒకరే వెయ్యాలి. డ్రైవర్‌లో ఆపేశాను, గులాబీ పోయింది.

పేపర్ కంపెనీ వాళ్ల సైట్‌లో మన ప్రింటర్ మోడల్‌కి తగిన ఐసీసీ ప్రొఫైల్ (ఆ ప్రింటర్‌తో ఆ కాగితం మీద రంగులు ఎలా వస్తాయో చెప్పే ఫైలు) ఉచితంగా దొరికింది. దాన్ని పెట్టి సాఫ్ట్ ప్రూఫ్ చూస్తే, ఆ చిలకపచ్చ కాగితం మీద ఎంతవరకు వస్తుందో ప్రింటు వేయకముందే తెర మీద కనబడింది. తెర తనే వెలుగుతుంది, కాగితమేమో తన మీద పడిన వెలుగునే తిరిగిస్తుంది. తెర మీది నిగనిగంతా కాగితం మీదికి రాదు. ఇది తెలియక కాదు, ఒప్పుకోవడానికే నాకు మూడు షీట్లు పట్టాయి. ఇంకోటి, ప్రింటుని బెడ్‌రూమ్ పసుపు బల్బు కింద చూసి తీర్పు చెప్పకండి. పగలు కిటికీ దగ్గర చూడండి.

పొద్దున వెలుతురులో పదకొండో షీటు చూసి అమ్మ, "చీర ఇదే రంగురా" అంది. పిన్ని ఫోన్ చేసి తనకీ ఒకటి కావాలంది, మెరవని మ్యాట్ పేపర్ మీద. దానికి ప్రొఫైల్ వేరే.