నీళ్లు తాగని రాయి కోసం ఆనందపురం దాకా

చీమకుర్తి గ్రానైట్ క్వారీలు మా ఒంగోలుకు 20 కిలోమీటర్ల దూరంలోనే ఉంటాయి. ఆ రాయి బేరమాడటానికి రాత్రి రైలెక్కి విశాఖపట్నం వెళ్లాల్సి వస్తుందని అనుకోలేదు. మధురవాడలో చెల్లెలి ఇంటికి వంటింటి గట్టు ఒక్కటే మిగిలింది. "రాయి నువ్వే చూసి పెట్టు అన్నయ్యా" అంది. ఇక్కడే కోయించి పంపుదామంటే రెండు పలకలకు వాహనం కిరాయి రాయి ఖరీదును దాటిపోయింది.

రైలు దిగి తగరపువలస వెళ్లే 222 నంబరు బస్సు ఎక్కాను. హనుమంతవాక దాకా నిలబడే ప్రయాణం. ఎండాడ దాటాక కిటికీ పక్కన సీటు దొరికింది. కైలాసగిరి, రుషికొండ, అటు డాల్ఫిన్ నోస్ అన్నీ ఖోండలైట్ అనే రాతి కొండలు. ఆ రాతిలోని గార్నెట్ అనే ఎర్ర ఖనిజపు గింజలే రాలి కొట్టుకొచ్చి రుషికొండ ఇసుకలో ఎర్రటి చారలు గీస్తాయి. చూడటానికి ఎంత అందమైనా ఎండకు, వానకు త్వరగా మెత్తబడి పొడి రాలే రాయి అది, వంటగట్టుకు పనికిరాదు. అందుకే ఇన్ని కొండల మధ్య ఉన్న ఊరు కూడా గట్టు రాయిని బయటి నుంచే తెచ్చుకోవాలి.

కొమ్మాది దాటాక ఆనందపురం వైపు హైవే పక్కన రాళ్ల యార్డులు మొదలయ్యాయి. మొదటి యార్డులో బ్లాక్ గెలాక్సీ, అంటే మా చీమకుర్తి నల్ల రాయి, చదరపు అడుగు 235 రూపాయలన్నారు. మా దగ్గర 130కి దొరికే రకం. సరే, దూరం వచ్చింది కదా అనుకున్నాను. కానీ హమాలీ వేరు, అంచు పాలిష్ అడుగుకు 90, సింకు కోత 600, పొయ్యి కోత ఇంకో 600 అని ఒక్కొక్కటే బయటికి తీస్తుంటే చిరాకేసింది. రాయి ధర తక్కువ చెప్పి కోతల్లో లాగేవాళ్లూ ఉంటారు. అందుకని చదరపు అడుగు ధర విని సంతోషపడకుండా, గట్టు కొలతలు చేతికిచ్చి, బిగించి వెళ్లేదాకా మొత్తం ఎంతో ఒకే కాగితం మీద రాయించుకోవాలి.

రెండో యార్డులో తెల్ల రాయి. కాశ్మీర్ వైట్. పేరులో కాశ్మీర్ ఉన్నా ఇది వచ్చేది తమిళనాడు నుంచి, మదురై వైపు నుంచి. చెల్లెలికి ఫొటో పంపితే వెంటనే "ఇదే కావాలి" అని జవాబు. యజమాని బిల్లు పుస్తకం కూడా తీశాడు. అప్పుడు పక్కన కటింగ్ మిషన్ ఆపి తలపాగా దులుపుకుంటున్న ముసలాయన ఒకాయన దగ్గరికొచ్చాడు.

"ఏటి బాబూ, నునుపు సూసి కొనేత్తారేటి? తడిపి సూడండి" అన్నాడు.

యజమాని ముఖం చిట్లించినా ఆయన పట్టించుకోలేదు. నా సీసాలోంచి అరచెయ్యంత మేర నీళ్లు పోసి, తాను బీడీ కాల్చుకుని వచ్చేదాకా తుడవొద్దన్నాడు. పది నిమిషాల తర్వాత గుడ్డతో తుడిస్తే అరచెయ్యంత మచ్చ మబ్బులా నల్లగా మిగిలింది. నీళ్లు లోపలికి దిగాయన్నమాట. నీళ్లు దిగే దారిలోనే పసుపు దిగుతుంది, ఆవకాయ నూనె దిగుతుంది. ఈ తెల్ల రాళ్లలో గార్నెట్ గింజలుంటాయి, వాటిలో ఇనుము. తడి తగులుతూ ఉంటే కొన్ని పలకల్లో అది తుప్పుపట్టి పసుపుపచ్చ డాగులుగా పైకి తేలుతుంది. సముద్రపు తేమ ఏడాది పొడవునా ఉండే ఊళ్లో, రోజూ తడిసే గట్టుకు ఇది తెలిసి తెలిసి ఎంచుకోకూడని రాయి. తెలుపే కావాలంటే నీళ్లు దిగకుండా పూసే సీలర్ పట్టించి, ఏటా మళ్లీ నీళ్లు పోసి చూసుకునే ఓపిక ఉండాలి.

పెద్దాయన అక్కడితో ఆగలేదు. గెలాక్సీ పలకల దగ్గరికి తీసుకెళ్లాడు. నల్ల రాయి మీద తడి మచ్చ కనబడదు కాబట్టి, పాలిష్ లేని కోత అంచు మీద నీళ్లు పోసి చూపించాడు. బొట్లు బొట్లుగా నిలబడ్డాయి. తర్వాత తెల్ల గుడ్డకు థిన్నర్ అద్ది ఓ మూల గట్టిగా రుద్దాడు. బూడిద రంగు రాయికి నల్ల రంగు పూసి అమ్ముతారట, గుడ్డకు నలుపు అంటితే ఆ పలక వదిలేయాలి. మా గుడ్డ తెల్లగానే ఉంది. ఆఖరున పలక మొత్తం తడిపి, తుడిచి, ఎండకు ఎదురుగా కూర్చోమన్నాడు. రాయంతా ఆరిపోయాక కూడా సన్నటి గీత ఒకటి తడిగానే మిగిలితే అది పగులు. మూడో పలకలో సరిగ్గా సింకు వచ్చే చోట అలాంటి గీత కనబడింది. నాణెంతో కొడితే మిగతా చోట్ల కంగుమంది, అక్కడ మొద్దుగా పలికింది. పలక వెనక వల అంటించి ఉందా అని కూడా తిప్పించి చూశాడు. వల వేశారంటే చాలాసార్లు రాయి బలహీనమని కోసినవాళ్లకే అనుమానం ఉందని అర్థం.

గెలాక్సీని గ్రానైట్ అని అమ్ముతారు గానీ భూగర్భ శాస్త్రం ప్రకారం అది గ్యాబ్రో అనే వేరే జాతి రాయి. అందులోని బంగారు చుక్కలు బ్రాంజైట్ అనే ఖనిజం మెరుపు. రేణువులు బిగువుగా అల్లుకుని ఉంటాయి, అందుకే తేమ దిగదు. ఈ సంగతి మా ఊరి రాయి గురించి మా ఊళ్లో ఎవరూ నాకు ఇలా చేసి చూపించలేదు. టెక్కలి వైపు నుంచి వచ్చే నీలం రాయి కూడా తడిపి చూశాం. ఒక పలక బాగుంది, పక్క పలక నీళ్లు తాగింది. రకం పేరు నమ్మి లాభం లేదు, కొనే పలకనే తడపాలి.

తర్వాత కొలతల దగ్గర గొడవ. మూల మలుపుతో కలిపి గట్టు పొడవు 10 అడుగులు, వెడల్పు 24 అంగుళాలు, కింద అల్మరా తలుపుల మీద నీళ్లు కారకుండా ముందుకు ఒక అంగుళం, మొత్తం 25. యజమాని చూపించింది 3 అడుగుల వెడల్పు పలక. పలక మొత్తానికి బిల్లు వేస్తారు కాబట్టి 30 చదరపు అడుగులకు డబ్బు కట్టి 21 వాడుకోవాలి. వెనక వరసలో 2 అడుగుల 3 అంగుళాల పలకలున్నాయి, అడిగితేనే తీశారు. ఏడున్నర చదరపు అడుగుల డబ్బు మిగిలింది. బేరం 190 దగ్గర తెగింది కాబట్టి 1,425 రూపాయలు. వెడల్పు పలకే దొరికితే వాడగా మిగిలే ముక్కను కిటికీ గడపకో, గోడ వెంబడి 4 అంగుళాల పట్టీకో ముందే లెక్కలో పెట్టుకోవాలి. మందం టేపు పెట్టి మూడు చోట్ల చూడాలి. 18 మిల్లీమీటర్లకు తగ్గితే వద్దు.

ఆ సాయంత్రం, మర్నాడు ఏం చేశానో రాయడానికేమీ లేదు. బీచ్ కూడా చూడలేదు. మూడో రోజు మేస్త్రి బిగించాడు.

అక్కడ నేను పట్టుబట్టినవి కొన్నే. ఎత్తు అందరికీ 33 అంగుళాలు అనేస్తారు. వంట చేసే మనిషిని నిలబెట్టి మోచేయి నుంచి నాలుగైదు అంగుళాలు కిందికి కొలవాలి. చెల్లెలికి 32 సరిపోయింది. సింకు కోతలో మూలలు గుండ్రంగా రావాలి. ముందు మూలకో రంధ్రం వేసి, ఆ రంధ్రం దాకానే బ్లేడు నడపాలి. రెండు కోతలూ మూల దాటి ఒకదాన్నొకటి కోసుకుంటే ఏడాదికో రెండేళ్లకో అక్కడి నుంచే పగులు పాకుతుంది. సింకు ముందు మిగిలే పట్టీ 3 అంగుళాలన్నా ఉండాలి, కింద ఆధారం ఉండాలి. ఆ ఆధారానికి మామూలు ఇనుప చువ్వ పెట్టబోయాడు. ఈ ఉప్పుగాలిలో ఇనుము తుప్పుపట్టి ఉబ్బితే పైనున్న రాయినే చీలుస్తుంది. స్టెయిన్‌లెస్ స్టీల్ పట్టీ తెప్పించాం. అతుకు సింకు మీదికి, పొయ్యి మీదికి రాకుండా మూల మలుపు దగ్గర పెట్టించాను. కింద సిమెంటు పరుపు ఎక్కడా బోలు లేకుండా ఉండాలి. రాయి పరిచాక వేళ్లతో తట్టుకుంటూ వెళ్లి, రెండు చోట్ల డొల్లగా మోగితే లేపించి మళ్లీ వేయించాను. మేస్త్రి విసుక్కున్నాడు గానీ వేశాడు.

చెల్లెలికి చెప్పి వచ్చినవి ఇవి. "అంచు మీద కొబ్బరికాయ కొట్టకమ్మా, సింకు దగ్గర అసలే వద్దు. గోరువెచ్చని నీళ్లలో రెండు చుక్కలు గిన్నెల సబ్బు చాలు. బాత్రూమ్ యాసిడ్, తుప్పు వదిలించే మందు గట్టు మీదికి రానీయకు. తడి ఇనుప పెనం రాత్రంతా వదిలేయకు." నూనె మరక పడితే వంటసోడా నీళ్లతో ముద్దలా కలిపి, వేలి మందాన పరిచి, పైన ప్లాస్టిక్ కప్పి ఒక రోజు ఉంచి తీస్తే చాలావరకు పీల్చుకుంటుంది. మరీ పాతదైతే మళ్లీ వేయాలి. కుళాయి చుట్టూ బోరు నీళ్ల తెల్ల పొర కట్టాక గోకేకన్నా, రాత్రి పడుకునే ముందు పొడి గుడ్డతో తుడవడం తేలిక. గెలాక్సీకి సీలర్ వేయించలేదు. పీల్చుకోని రాయి మీద అది పైనే ఆరిపోయి మసకగా మిగులుతుంది.

తిరుగు రైలు రాత్రికి. మధురవాడ నుంచి స్టేషన్‌కు వెళ్లే దారిలో ఆ యార్డు రాదు, లేకపోతే దిగి పెద్దాయనకు గట్టు ఫొటో చూపించేవాణ్ణి. చెల్లెల్ని ఒకసారి ఆనందపురం వైపు వెళ్లి చూపించి రమ్మన్నాను.