పంక్చర్ టైరు: అతికించాలా, మార్చాలా?

కారు ట్యూబ్‌లెస్ (లోపల ట్యూబు లేని) టైరులో మేకు ఎక్కడ దిగిందో చూస్తే సగం జవాబు దొరికినట్టే. ట్రెడ్ (రోడ్డుకు ఆనే గాడుల భాగం) మధ్యలో, 6 మి.మీ. లోపు రంధ్రమైతే రిపేరు చేయించండి. ట్రెడ్ అంచునో, సైడ్‌వాల్‌లోనో (టైరు పక్క గోడ) అయితే వద్దు. చక్రం తిరిగినప్పుడల్లా అక్కడ రబ్బరు వంగుతూ ఉంటుంది, ప్యాచ్ నిలవదు.

గాలి మెల్లగా దిగుతుంటే మేకు పీకకండి. గాలి నింపుకుంటూ షాపుదాకా వెళ్లొచ్చు. మేకే కనబడకపోతే సబ్బు నీళ్లు పోయండి. బుడగలు వాల్వ్ దగ్గర వస్తే టైరు తప్పేమీ లేదు, వాల్వ్ మార్చితే చాలు.

బయటి నుంచి గుచ్చే జిగురు స్ట్రిప్ నిమిషాల్లో అయిపోతుంది, అందుకే షాపువాళ్లకు అదంటే ఇష్టం. నా లెక్కలో అది తాత్కాలికమే. అసలు రిపేరుకు టైరును రిమ్ నుంచి విప్పాలి. రంధ్రం శుభ్రం చేసి, లోపలి రబ్బరును గరుకుగా గీకి, రబ్బరు సిమెంట్ (జిగురు) పూసి, మష్రూమ్ ప్యాచ్ వేయాలి. దాని కాడ రంధ్రాన్ని పూడ్చి, లోపలి ఉక్కు తీగలకు నీరు తగలకుండా ఆపుతుంది. గొడుగు భాగం గాలిని పట్టి ఉంచుతుంది. స్ట్రిప్‌తో ఇంకో నష్టం: టైరు లోపల ఎవరూ చూడరు. గాలి లేకుండా నడిపిన టైరులో నల్లటి రబ్బరు పొడి రాలి ఉంటుంది. అది కనిపిస్తే రంధ్రం ఎంత చిన్నదైనా టైరు పారేయాల్సిందే.

ట్రెడ్ లోతు 1.6 మి.మీ.కి దగ్గరపడితే ప్యాచ్ డబ్బు దండగ. మార్చేటప్పుడు ఒకే యాక్సిల్‌కు రెండూ (ముందు జతో, వెనక జతో) మార్చడం మేలు. కొత్త జత వెనక చక్రాలకు వేయించండి, తడి రోడ్డు మీద వెనక భాగం జారే ముప్పు తగ్గుతుంది.