సీఏ ఫౌండేషన్‌లో అసమీకరణాలు: నేను తప్పింది గీత దగ్గర కాదు, గుర్తు దగ్గర

ఇంటర్‌లో సీఈసీ చదివి, గుంటూరు అరండల్‌పేటలో గది తీసుకుని చార్టర్డ్ అకౌంటెన్సీ కోర్సుకు తొలి మెట్టయిన సీఏ ఫౌండేషన్‌కు సిద్ధమైన నాకు మూడో పేపరంటే మొదటి రోజు నుంచీ బెరుకే. ఆ 100 మార్కుల్లో బిజినెస్ మ్యాథమెటిక్స్‌కు 40, లాజికల్ రీజనింగ్‌కు 20, స్టాటిస్టిక్స్‌కు 40 ఉంటాయి. ఒక్కో తప్పు సమాధానానికి పావు మార్కు పోతుంది. రేఖీయ అసమీకరణాలు, అంటే ≤ (మించదు), ≥ (తగ్గదు) వంటి గుర్తులతో రాసి గ్రాఫుపై సరళరేఖలతో చూపే షరతులు, ఆ నలభైలో చిన్న అధ్యాయం. మా కోచింగ్‌లో దాన్ని ఒక్క పూటలో ముగించి వడ్డీ లెక్కల్లోకి వెళ్లిపోయారు. కష్టమంతా గ్రాఫు గీయడంలోనే ఉందనుకుని నేను వారం రోజులు గ్రాఫు కాగితాలు నింపాను. తరువాత మాక్ టెస్టుల్లో పోగొట్టుకున్న మార్కులను వెనక్కి తిరిగి చూసుకుంటే, గీత తప్పిన లెక్క ఒక్కటీ కనిపించలేదు. వాక్యాన్ని గుర్తుగా మార్చే చోటే దాదాపు అన్నీ తప్పాయి.

తప్పుకు కారణం కొంత భాషలోనే ఉంది. ‘అట్ లీస్ట్’ అన్న మాట చెవిన పడగానే ‘తక్కువ’ అన్న భావం మెదిలి, చేయి తనంతట తాను ≤ వేసేస్తుంది. ‘అట్ మోస్ట్’ దగ్గర సరిగ్గా దీనికి తిరగబడుతుంది. అందుకే ప్రశ్న ఇంగ్లీషులో ఉన్నా, నేను దాన్ని మనసులో తెలుగులోకి తిప్పుకోవడం మొదలుపెట్టాను. ‘కనీసం 30’ అంటే 30 గానీ అంతకు పైన గానీ అనీ, ‘మహా అయితే 30’ అంటే 30 దాటదనీ మన ఇళ్లలో ఎవరికీ విడమరచి చెప్పనక్కరలేదు. ‘నాట్ లెస్ దాన్’ వంటి రెండు మెలికల మాట కూడా ‘తగ్గకూడదు’ అనుకోగానే విడిపోతుంది.

మన ఊరి లెక్కే ఒకటి చూడండి. ధరలు లెక్క సులువు కోసం నేను వేసుకున్నవి. మిర్చి యార్డులో ఒక వ్యాపారి తేజ రకం టిక్కీలు (మిర్చి బస్తాలు), 334 రకం టిక్కీలు కొంటున్నాడు. తేజ టిక్కీ 8,000 రూపాయలు, 334 టిక్కీ 5,000; చేతిలో ఉన్నది 6,00,000. బండిలో 90 టిక్కీలకు మించి పట్టవు. 334 రకం టిక్కీలు తేజ టిక్కీల రెట్టింపుకు మించకూడదన్నది అతని షరతు. తేజ టిక్కీల సంఖ్యను ఎక్స్ అనీ, 334 టిక్కీల సంఖ్యను వై అనీ అనుకుంటే మొదటి రెండూ తేలికే: 8ఎక్స్ + 5వై ≤ 600 (వేలల్లో), ఎక్స్ + వై ≤ 90. మూడోదాని దగ్గర నేను చాలాసార్లు 2వై ≤ ఎక్స్ అని రాశాను, ఎందుకంటే ‘334’, ‘రెట్టింపు’ ఒకే వాక్యంలో కనిపించగానే 2ను వై పక్కన పెట్టేయడం అలవాటైపోయింది. దీనికి మందు ఒక్కటే: అసలు సంఖ్యలు వేసి చూసుకోవడం. తేజ 10 కొంటే 334 రకం 20 దాకా కొనవచ్చు కదా. నేను రాసింది మాత్రం 5 దగ్గరే ఆపేస్తోంది. కనుక సరైనది వై ≤ 2ఎక్స్. టిక్కీలు రుణ సంఖ్యలో ఉండవు కాబట్టి ఎక్స్ ≥ 0, వై ≥ 0 అన్నవి ప్రశ్నలో కనిపించకపోయినా మనమే చేర్చుకోవాలి.

ఇక గ్రాఫు. మొదటి గీత అక్షాలను (75, 0), (0, 120) దగ్గర, రెండోది (90, 0), (0, 90) దగ్గర తాకుతాయి. ఏ వైపు షేడ్ చేయాలో మూలబిందువు చెబుతుంది: (0, 0) వేస్తే రెండు అసమీకరణాలూ నిజమే కాబట్టి దానివైపే. మూడో గీత మూలబిందువు గుండానే పోతుంది, అక్కడ (0, 0) ఏమీ తేల్చదు. (10, 0) వేస్తే 0 ≤ 20 నిజం, కాబట్టి ఎక్స్ అక్షం వైపు షేడ్ చేయాలి. ఈ ఒక్క సంగతి తెలియక నేను రెండు మాక్ టెస్టుల్లో నష్టపోయాను. మూడింటికీ ఉమ్మడిగా మిగిలే ప్రాంతం (0, 0), (75, 0), (50, 40), (30, 60) మూలలుగా ఉన్న చతుర్భుజం. సమానం లేని గుర్తు (<, >) వస్తే గీతను చుక్కలతో గీయాలి. అంతకు మించి చెప్పడానికి ఏమీ లేదు.

పరీక్షలో మాత్రం 2 గంటల్లో 100 ప్రశ్నలు, అంటే ఒక్కోదానికి 72 సెకన్లు. అంత వ్యవధిలో స్కేలు పెట్టి గీయడం వృథా ప్రయాస. ఏ బిందువు షరతులన్నిటికీ సరిపోతుందని అడిగితే ఆప్షన్లనే వేసి చూడటం మేలు. పై లెక్కకు (35, 60), (55, 35), (25, 60), (40, 50) ఇచ్చారనుకోండి. మొదటిదానిలో టిక్కీలు 95 అయి బండి పట్టదు. రెండోదానికి 615 వేలు కావాలి. మూడోది బండికీ డబ్బుకూ సరిపోయినా 60 అన్నది 25కు రెట్టింపు దాటింది. నాలుగోదానికి 90 టిక్కీలు, 570 వేలు, పైగా 50 అన్నది 80 లోపే.