హుషారైన పాత కారు కోసం

ఏడు లక్షల లోపు, నడిపేటప్పుడు హుషారునిచ్చే సెకండ్ హ్యాండ్ కారు కొనాలనుకున్నప్పుడు నా మనసు ఫోక్స్‌వ్యాగన్ పోలో మీదే నిలిచింది. 2020లో దానికి వచ్చిన ఒక లీటరు టర్బో పెట్రోల్ ఇంజిన్ 110 పీఎస్ శక్తిని, 175 న్యూటన్ మీటర్ల టార్క్‌ను (తిప్పే బలాన్ని) ఇస్తుంది. ఆరు గేర్ల మాన్యువల్‌తో దాన్ని నడపడం నాకెంతో ఇష్టం. మన దేశంలో దాని తయారీ 2022లో ఆగిపోయింది.

ఇలాంటి కార్లను చాలామంది దూకుడుగా నడిపి అమ్ముతారు కాబట్టి మెరిసే రంగు కన్నా వాడిన తీరునే చూడాలి. మొదట చూసిన కారు బానెట్‌పై చెయ్యి పెడితే అప్పటికే వేడిగా ఉంది. చల్లటి ఇంజిన్ స్టార్ట్ అయ్యే శబ్దం వినాలని మర్నాడు ఉదయమే వెళ్తే, సైలెన్సర్ నుంచి నీలిపొగ వచ్చింది. అది ఆయిల్ కాలుతున్న గుర్తు కనుక వదిలేశాను.

రెండో కారులో ముందు టైర్లు లోపలి అంచున అరిగాయి, కానీ క్లచ్ తేలికగా ఉంది, సర్వీసు రికార్డు మీటరు రీడింగుతో సరిపోయింది. ఆర్సీలో బ్యాంకు రుణం ఇంకా నమోదై ఉన్నందున, అది తొలగించాకే మిగతా డబ్బు ఇస్తానని చెప్పి, టైర్ల ఖర్చు ధరలో తగ్గించమని అడిగాను.