కళ్ళకద్దుకున్నందుకు

జర్మనీలోని ఒక గ్రంథాలయంలో పాత పుస్తకాలను స్కాన్ చేసే ఉద్యోగంలో చేరి అప్పటికి మూడు వారాలు. ఆ ఉదయం నా బల్ల మీదికి వచ్చింది యోహానెస్ నీడర్ అనే డొమినికన్ (ఒక క్రైస్తవ సన్యాసుల సంఘం) సన్యాసి లాటిన్ ప్రసంగాల సంపుటం. స్పాంజి దిమ్మల మధ్య దాన్ని తెరిచి, అలవాటు చొప్పున వంగి మొదటి పుటను కళ్ళకద్దుకున్నాను. "అలా చేయకండి, ముఖం మీది జిడ్డు కాగితానికి అంటుతుంది" అన్నారు వెనక నుంచి మా పర్యవేక్షకురాలు. గొంతు పెంచలేదు. అయినా నా చెవులు వేడెక్కాయి.

పుస్తకానికి కాలు తగిలితే విలవిల్లాడే ఇంట్లో పుట్టినవాడికి పుస్తకాన్ని గౌరవించడం వీళ్ళు నేర్పాలా అని రోజంతా ఉడుక్కున్నాను. తొడుగులు వేసుకుంటే పుట అంచు వేలికి తెలియక చిరుగుతుందని, కడిగి తుడుచుకున్న వట్టి చేతులతోనే తాకమన్నదీ వాళ్ళే. చేతికి ఉన్న హక్కు నుదుటికి లేదన్నమాట.

నీడర్ వియన్నా విశ్వవిద్యాలయంలో క్రైస్తవ వేదాంతం బోధించి 1438లో కన్నుమూశాడు. అచ్చుపుస్తకాన్ని అతను చూడనే లేదు. ప్రసంగాలను అచ్చువేసింది 1470లలో జర్మన్ పట్టణాల ముద్రాపకులు. ఊరి జనానికి వాళ్ళ భాషలోనే చెప్పినా, చదువుకున్నవాళ్ళకూ, వీటిని చూసి తమ ప్రసంగాలు సిద్ధం చేసుకునే బోధకులకూ లాటినే పనికివచ్చేది. అంతకు ముందు, 1273లో, పారిస్‌లో బొనవెంతూరా అనే ఫ్రాన్సిస్కన్ (అలాంటిదే మరో సంఘం) సన్యాసి బైబిల్లోని ఆరు దినాల సృష్టి గురించి ఆచార్యులకూ విద్యార్థులకూ చెప్పిన మాటలైతే, విన్నవాళ్ళు రాసుకోబట్టే మిగిలాయి. బైబిలు వాక్యం ఒకటి ఎత్తుకోవడం, దాన్ని మూడుగా విడదీయడం, ఒక్కొక్క భాగాన్ని మళ్ళీ విడదీయడం: ఆ కాలపు ప్రసంగాల పద్ధతి ఇది. అరుగు మీద కూర్చుని ఒక్క శ్లోకాన్ని పూటంతా విప్పే మా తాతగారు అక్కడ ఇమిడిపోయేవారనిపించింది.

ఆయన గుర్తుకు రావడమే నా కొంప ముంచింది. తాళపత్రాల కట్ట విప్పేటప్పుడల్లా ఆయన చదివే శ్లోకంలో పుస్తకమే మాట్లాడుతుంది: "తైలాద్రక్షేత్, జలాద్రక్షేత్." నూనె నుంచి కాపాడు, నీటి నుంచి కాపాడు. చివరికి మూర్ఖుడి చేతికి నన్నివ్వకు అని కూడా అంటుంది. నా ముఖం మీది జిడ్డు గురించి ఆవిడ కొత్తగా చెప్పిందేమీ లేదు. అయినా పూర్తిగా ఒప్పుకోబుద్ధి కాలేదు. తాతగారు ఆ శ్లోకం చదివీ కట్టను కళ్ళకద్దుకునేవారు కదా.

మర్నాడు సంపుటం నడిమికి వచ్చాను. రెండు వరుసల నల్లటి అచ్చు, చేత్తో దిద్దిన ఎర్రటి పెద్దక్షరం, పక్క ఖాళీలో ఎవరో పాఠకుడు సిరాతో గీసిన చెయ్యి. దాని చూపుడువేలు మరీ పొడుగ్గా సాగి ఒక వాక్యాన్ని చూపిస్తోంది. పుట కింది మూల ఏ కాలంలోనో తిప్పినవాళ్ళ బొటనవేళ్ళకు నల్లబడి, నున్నబడి ఉంది. ఆ మరక శుభ్రం చేయాలా అని అడిగాను.

"వద్దు వద్దు, దాన్ని ముట్టుకోకండి" అన్నారామె ఆదుర్దాగా. "ఎవరెవరు చదివారో చెప్పే సాక్ష్యం అది."