సెయింట్ జాన్ చుట్టూ లంగరు, బోయ పనులు: ఇప్పటిదాకా

సెయింట్ జాన్ కరీబియన్ సముద్రంలో అమెరికా దీవి. మా పడవ 38 అడుగులది. లంగరు 20 కిలోలు, గొలుసు 10 మిల్లీమీటర్లది, 60 మీటర్లు.

బోయ (పడవ కట్టుకోవడానికి అడుగున బిగించి, నీటి మీద తేలేలా ఉంచిన గుండు) తాళ్లు మార్చడం అయిపోయింది. వర్జిన్ ఐలాండ్స్ నేషనల్ పార్కు నీళ్లలో రాత్రి ఆగాలంటే మన సైజు పడవకి బోయే దిక్కు. దక్షిణాన సాల్ట్‌పాండ్, లేమ్‌షర్ బేలలో లంగరు వేయనే కూడదు. బోయకి 60 అడుగులు దాటిన పడవ కట్టకూడదు, ఒకే బోయకి రెండు పడవలూ కట్టకూడదు, గాలి గంటకు 40 మైళ్లు మించితే వదిలేసి పోవాలి.

చాలామంది ఒకే తాడుని పడవ ముందు ఎడమ క్లీట్ (తాడు చుట్టి కట్టే కొమ్ము) నుంచి బోయ కన్నంలోకి దూర్చి కుడి క్లీట్‌కి కడతారు. పడవ అటూ ఇటూ ఊగినప్పుడల్లా ఆ తాడు కన్నంలో రంపంలా ఆడుతుంది, తెల్లారేసరికి పోగులు లేస్తాయి. అందుకే ఇప్పుడు రెండు వేర్వేరు తాళ్లు: 16 మిల్లీమీటర్ల నైలాన్, ఒక్కొక్కటి 6 మీటర్లు. ఎడమది కన్నంలోంచి తిరిగి ఎడమ క్లీట్‌కే, కుడిది కుడికే. అంచుకి రాసుకునే చోట పాత ఫైర్ హోస్ ముక్క తొడిగాం.

గాలి పడిపోయిన రాత్రి బోయ వచ్చి పడవకి టకటకా కొట్టుకుంటుంది. ఆ చప్పుడు భరించలేక తాడు కురచ చేస్తే చిక్కే: చలికాలం ఉత్తరం నుంచి ఉబ్బెత్తు అలలు వచ్చినప్పుడు పడవ ముక్కు లేచి బోయని నిలువునా గుంజుతుంది. పడవ పక్కన ఫెండర్ (దెబ్బ తగలకుండా వేలాడదీసే గాలి దిండు) కట్టుకుని పడుకోవడమే మేలు.

లంగరు పరీక్ష పార్కు హద్దు దాటాకే. లెక్క ఇలా: లోతు కొలిచే సౌండర్ 4.5 మీటర్లు చూపింది. దాని సెన్సర్ నీటిమట్టానికి అర మీటరు కింద ఉంది, పడవ ముందు గొలుసు జారే రోలర్ నీటికి 1.2 మీటర్ల ఎత్తు, పోటుకి 0.3 కలిపితే 6.5. పగలు అయిదింతలు, అంటే 33 మీటర్ల గొలుసు; రాత్రికి ఏడింతలు, 46. సౌండర్ అంకెనే గుణిస్తే పగటి గొలుసు 10 మీటర్లు తగ్గుతుంది. గొలుసు కుప్పగా వదలకూడదు. పడవ వెనక్కి జారేకొద్దీ వదిలి, మూడింతల దగ్గర కాసేపు ఆపి, మిగతాది ఇచ్చాక ఇంజన్ రివర్స్‌లో మెల్లగా పెంచాలి. గొలుసు మీద అరచెయ్యి పెట్టండి: గరగరమని అదురుతుంటే లంగరు జారుతున్నట్టే.

సముద్రం అడుగున పెరిగే గడ్డి మీద పట్టు దొరకదు. లంగరు మొన వేళ్లతో సహా ఓ గడ్డి ముద్దని పెకలించుకుని, దాన్ని మోస్తూ పోతుంది. మళ్లీ గుచ్చుకోదు కాబట్టి పైకి లాగి కడిగి వేయాల్సిందే. మాహో బేలో తాబేళ్లు మేసేది ఆ గడ్డే. పార్కులో దాని మీద లంగరు నిషిద్ధం.

స్నబ్బర్ (గొలుసు కుదుపు తగ్గించే సాగే తాడు) 14 మిల్లీమీటర్ల నైలాన్, 8 మీటర్లు, బాగానే సాగుతోంది. మిగిలిన పనులు: లంగరుని గొలుసుకి కలిపే షాకిల్ పిన్ను ఊడకుండా మోనెల్ (తుప్పు పట్టని లోహం) తీగ చుట్టడం, గొలుసుకి ప్రతి 10 మీటర్లకీ రంగు వేయడం.