ప్రేజ్మెర్‌లో ఇంటికో గది

రొమేనియాలో బ్రషోవ్ నగరం దగ్గరున్న ప్రేజ్మెర్ అనే ఊళ్లోని చర్చి చూసొచ్చాం. బయటి నుంచి చూస్తే అచ్చం కోటే. చర్చి అని చెప్తే తప్ప తెలీదు. 13వ శతాబ్దంలో మొదలైన చర్చి. ఆ తర్వాత ఒట్టోమన్ తుర్కుల దాడుల భయంతో ఊళ్లో స్థిరపడిన సాక్సన్ జర్మన్లు చుట్టూ దాదాపు 12 మీటర్ల ఎత్తున గోడ లేపారు.

నన్ను కట్టిపడేసింది మాత్రం గోడ లోపలి వైపు. అంతస్తులుగా 270కి పైగా చిన్న చిన్న గదులు, చెక్క మెట్లు, తలుపు మీద నంబరు. ఇంటికో గది! శత్రువు వస్తే ఊరంతా ఇక్కడే కాపురం, రానప్పుడు తిండిగింజలు దాచుకోవడం. తల వంచి ఒక గదిలోకి దూరాను, పట్టపగలే చీకటి, ఒకటే చలి. నెలల తరబడి ఉండాలంటే నా వల్ల కాదు బాబూ. బలిపీఠం బాగుంది కానీ, నా మనసంతా గదుల మీదే.

పైగా లోపలే బడి గది కూడా. బయట ముట్టడి జరుగుతున్నా పిల్లలకు సెలవు దొరికేది కాదేమో, పాపం!